ఆ మాత్రలు వేసుకుంటే క్యాన్సర్ వస్తుందా? హార్మోన్ మాత్రల 80 ఏళ్ళ కథ

మందుల చరిత్ర మీద ఇంకో ఎపిసోడ్ చెయ్యమని మీలో చాలామంది అడుగుతున్నారు. ఈసారి కథ మా ఇంట్లోంచే మొదలవుతుంది.

నేను ఐదో తరగతి చదివేటప్పుడు, రాత్రి రెండింటికి మెలకువ వస్తే పక్కన అమ్మ ఉండేది కాదు. లేచి చూస్తే వరండాలో గచ్చు మీద, మెడకి తడి తువ్వాలు చుట్టుకుని కూర్చునేది. డిసెంబర్ చలిలో కూడా అంతే. "ఏంటమ్మా?" అంటే, "ఏం లేదు నాన్నా, ఒంట్లోంచి ఆవిర్లు పుడుతున్నాయి, నువ్వెళ్ళి పడుకో" అనేది. అప్పటికి అమ్మకి 38 ఏళ్ళు. అంతకు ముందు ఏడాది, అంటే 2004లో, గర్భసంచి ఆపరేషన్ అయింది.

కొన్ని నెలలు చూసి, టౌన్‌లో ఒక డాక్టర్ దగ్గరికి వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను. ఆ డాక్టర్ గారు చెప్పింది నాకిప్పటికీ గుర్తుంది. "దీనికి హార్మోన్ మాత్రలున్నాయమ్మా. కానీ అవి వేసుకుంటే రొమ్ము క్యాన్సర్ వస్తుంది. కొన్నాళ్ళు ఓర్చుకో." అంతే. క్యాన్సర్ అనే మాట విన్నాక ఇంకేం అడుగుతారు? అమ్మ ఓర్చుకుంది. దాదాపు ఎనిమిదేళ్ళు.

2021లో బాత్రూమ్‌లో జారి పడి అమ్మ మణికట్టు విరిగింది. ఎముకల డాక్టర్ పాత కాగితాలు తెమ్మన్నారు. బీరువా అడుగున ఆ ఫైల్ దొరికింది. డిశ్చార్జ్ కాగితం చదువుతుంటే ఒక లైన్ దగ్గర ఆగిపోయాను. గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారని రాసుంది. అమ్మని అడిగితే, "గర్భసంచి తీశారనే తెలుసు. అవి కూడా తీశారని నాకెవరు చెప్పారు?" అంది.

ఆ రోజు నుంచి నాకు ఒకటే ప్రశ్న. "హార్మోన్ మాత్రలు వేసుకుంటే క్యాన్సర్" అనే ఆ ఒక్క వాక్యం మా టౌన్ దాకా ఎక్కడినుంచి వచ్చింది? ఎవరి మీద చేసిన పరీక్షలోంచి వచ్చింది? వెతుక్కుంటూ పోతే అది అమెరికా కథ అని తేలింది. మందుకి పేరొచ్చిందీ అక్కడే, భయం పుట్టిందీ అక్కడే.

ముందు బేసిక్స్ ఒక్క నిమిషంలో చెప్పేస్తాను. ఆడవాళ్ళ శరీరంలో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్‌ని ఎక్కువగా తయారుచేసేవి అండాశయాలు. వయసుతో అవి మెల్లగా ఆగిపోతాయి, పీరియడ్స్ ఆగిపోతాయి. దాన్నే మెనోపాజ్ అంటున్నాం, మన పెద్దవాళ్ళు ముట్లుడగడం అంటారు. ఆవిర్లు, చెమటలు, నిద్ర పట్టకపోవడం, ఎముకలు గుల్లబారడం, ఇవన్నీ ఈస్ట్రోజెన్ తగ్గినందువల్ల వచ్చేవి. మామూలుగా అయితే కొన్నేళ్ళ పాటు నెమ్మదిగా జరుగుతుంది. అండాశయాలు కోసి తీసేస్తే ఆ మార్పంతా ఒక్కసారిగా మీద పడుతుంది. తగ్గిన హార్మోన్‌ని బయటినుంచి మందుగా ఇవ్వడమే హార్మోన్ రీప్లేస్‌మెంట్ థెరపీ, పొట్టిగా హెచ్ఆర్‌టి.

ఇక చరిత్రలోకి వెళ్దాం. 1929లో ఈస్ట్రోజెన్ రకం హార్మోన్‌ని మొదటిసారి విడదీశారు. అమెరికాలో ఎడ్వర్డ్ డోయిజీ, జర్మనీలో అడాల్ఫ్ బుటెనాండ్ట్, ఇద్దరూ విడివిడిగా సాధించారు. 1942లో అమెరికా మార్కెట్‌లోకి ప్రెమరిన్ అనే మాత్ర వచ్చింది. దాన్ని దేంతో చేసేవారో తెలుసా? చూలుతో ఉన్న ఆడగుర్రాల మూత్రంతో! నేను జోక్ చెయ్యట్లేదు. ప్రెగ్నెంట్, మేర్, యూరిన్ అనే మూడు ఇంగ్లిష్ మాటల్లోంచి ముక్కలు తీసి అతికించిన పేరే ప్రెమరిన్. మేర్ అంటే ఆడగుర్రం. మొదటి ఇరవై ఏళ్ళూ అది ఆవిర్లకి వాడే మందుగానే ఉంది.

1966లో కథ మలుపు తిరిగింది. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌కి చెందిన రాబర్ట్ విల్సన్ అనే స్త్రీల డాక్టర్ 'ఫెమినిన్ ఫరెవర్' అనే పుస్తకం రాశాడు. ఎప్పటికీ ఆడదానిగానే ఉండొచ్చు అని దాని అర్థం. మెనోపాజ్ వయసుతో వచ్చే మార్పు కాదు, అదొక లోపం, ఒక జబ్బు అన్నాడు. షుగర్ ఉన్నవాళ్ళు ఇన్సులిన్ తీసుకున్నట్టు ఆడవాళ్ళు జీవితాంతం ఈస్ట్రోజెన్ తీసుకోవాలి అన్నాడు. తీసుకోకపోతే అందం పోతుంది, మొగుడికి మొహం మొత్తుతుంది, సంసారం చెడుతుంది, ఇదీ ఆయన ధోరణి. పుస్తకం విపరీతంగా అమ్ముడైంది. చాలా ఏళ్ళ తర్వాత, 2002లో, విల్సన్ కొడుకే న్యూయార్క్ టైమ్స్ పత్రికతో చెప్పాడు. ఆ పుస్తకం ఖర్చులు పెట్టుకున్నది ప్రెమరిన్ తయారుచేసే కంపెనీయే అని.

ఒక్క విషయం గమనించండి. రాత్రిళ్ళు నిద్రలేక బాధపడే మనిషికి మందు ఇవ్వడం వేరు. యాభై దాటిన ప్రతి ఆడమనిషీ రోగి అనడం వేరు. 1966లో ఆ రెండూ కలిపేశారు.

1975 డిసెంబర్‌లో మొదటి దెబ్బ తగిలింది. న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే పెద్ద వైద్య పత్రిక ఒకే సంచికలో రెండు అధ్యయనాలు వేసింది. ఈస్ట్రోజెన్ వాడిన ఆడవాళ్ళలో గర్భసంచి లోపలి పొరకి వచ్చే క్యాన్సర్ ముప్పు వాడనివాళ్ళకంటే ఒకదాంట్లో నాలుగున్నర రెట్లు, ఇంకోదాంట్లో ఏడున్నర రెట్లు అని తేలింది. కారణం సింపుల్. ఈస్ట్రోజెన్ ఆ పొరని పెంచుతుంది. ప్రొజెస్టిరాన్ అనే ఇంకో హార్మోన్ దాన్ని అదుపులో పెడుతుంది. మాత్రలో ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇస్తే పొర పెరుగుతూ పోతుంది. అమ్మకాలు పడిపోయాయి.

దీనికి దారి దొరికింది. ఈస్ట్రోజెన్‌కి తోడుగా ప్రొజెస్టిరాన్ లాంటి మందు కలిపి ఇస్తే గర్భసంచి క్యాన్సర్ ముప్పు పెరగదు. అప్పటినుంచి రూల్ ఇది: గర్భసంచి ఉన్నవాళ్ళకి రెండు హార్మోన్లు, గర్భసంచి తీసేసినవాళ్ళకి ఈస్ట్రోజెన్ ఒక్కటే. ఈ తేడాని మనసులో పెట్టుకోండి, మా అమ్మ కథంతా దీనిమీదే తిరుగుతుంది.

1980లలో మందుకి కొత్త ఊపిరి వచ్చింది. ఈసారి అందం పేరు మీద కాదు, గుండె పేరు మీద. మెనోపాజ్‌కి ముందు ఆడవాళ్ళకి గుండెపోట్లు మగవాళ్ళకంటే తక్కువ. మరి ఈస్ట్రోజెన్ కాపాడుతోందేమో అని అనుమానం. అమెరికాలో 1,21,700 మంది నర్సుల ఆరోగ్యాన్ని 1976 నుంచి గమనిస్తున్న పెద్ద అధ్యయనం ఒకటి ఉంది. అందులో హార్మోన్లు వాడేవాళ్ళకి గుండెజబ్బులు బాగా తక్కువగా కనిపించాయి. ఇంకేముంది, ఆవిర్లు లేకపోయినా గుండె కోసం వేసుకోండి అని డాక్టర్లు రాయడం మొదలుపెట్టారు. 1990ల మొదట్లో అమెరికాలో అన్నిటికంటే ఎక్కువగా రాసిన మందుల్లో ప్రెమరిన్ ఒకటి.

ఇక్కడ ఒక చిక్కుంది. ఆ నర్సుల అధ్యయనంలో ఎవరికి మందు ఇవ్వాలో పరిశోధకులు నిర్ణయించలేదు, ఎవరికి వాళ్ళే వాడారు. మాత్రలు కొనుక్కుని, డాక్టర్ దగ్గరికి క్రమం తప్పకుండా వెళ్ళి, మంచి తిండి తిని, వాకింగ్ చేసే మనిషికి గుండె బాగుంటే ఆ గొప్ప మాత్రదా, మనిషిదా? జిమ్‌కి వెళ్ళేవాళ్ళందరూ ఖరీదైన బూట్లు వేసుకుంటారు, కాబట్టి బూట్లు వేసుకుంటే కండలొస్తాయి అన్నట్టు ఉంటుంది కొన్నిసార్లు మన లెక్క.

ఇంకో విచిత్రం చెప్తాను. ఈస్ట్రోజెన్ గుండెకి మంచిదా కాదా అని అసలైన పద్ధతిలో, అంటే కొంతమందికి మందు, కొంతమందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, 1960లలోనే ఒక పెద్ద పరీక్ష మొదలుపెట్టారు. ఎవరి మీదో ఊహించండి. మగవాళ్ళ మీద! గుండెపోటు వచ్చిన మగవాళ్ళకి ప్రెమరిన్ ఇచ్చి చూశారు. మేలు జరగలేదు సరికదా, హాని కనిపించడంతో ఆ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. ఆడవాళ్ళ హార్మోన్ మీద ఆడవాళ్ళ కోసం అలాంటి పెద్ద పరీక్ష చెయ్యడానికి ఇంకో పాతికేళ్ళు పట్టింది.

ఆ రోజుల్లో వైద్య పరిశోధన అలాగే ఉండేది. ఆస్పిరిన్ గుండెని కాపాడుతుందా అని చూసిన ప్రఖ్యాత పరీక్షలో 22,071 మంది డాక్టర్లు పాల్గొన్నారు. అందులో ఒక్క ఆడమనిషి లేదు. 1991లో బెర్నడీన్ హీలీ అనే గుండె డాక్టర్ అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకి మొదటి మహిళా డైరెక్టర్ అయ్యారు. రాగానే ఆడవాళ్ళ ఆరోగ్యం మీద మునుపెన్నడూ లేనంత పెద్ద పరిశోధన ప్రకటించారు. దాని పేరు విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్. మొత్తం 1,61,808 మంది ఆడవాళ్ళు, 40 కేంద్రాలు.

అందులో హార్మోన్ల పరీక్ష రెండు భాగాలు. గర్భసంచి ఉన్న 16,608 మందిలో సగానికి రెండు హార్మోన్ల మాత్ర, సగానికి ఉత్తుత్తి మాత్ర. గర్భసంచి తీసేసిన 10,739 మందిలో సగానికి ఈస్ట్రోజెన్ ఒక్కటే, సగానికి ఉత్తుత్తి మాత్ర. ముఖ్యమైన ప్రశ్న ఒకటే: ఈ మాత్రలు గుండెజబ్బు రాకుండా ఆపుతాయా? ఆవిర్లు తగ్గుతాయా అనేది వాళ్ళ ప్రశ్న కాదు. అది తగ్గుతుందని అప్పటికే అందరికీ తెలుసు.

2002 జులై 9. మొదటి భాగాన్ని మూడేళ్ళు ముందుగానే ఆపేస్తున్నామని ప్రకటన వచ్చింది. రొమ్ము క్యాన్సర్ 26 శాతం ఎక్కువ, గుండెజబ్బు 29 శాతం ఎక్కువ, పక్షవాతం 41 శాతం ఎక్కువ. టీవీలు, పేపర్లు హోరెత్తాయి. ఆడవాళ్ళు మాత్రలు తీసుకెళ్ళి చెత్తబుట్టలో పడేశారు. అమెరికాలో ఏడాదికి 9 కోట్ల దాకా ఉన్న హార్మోన్ ప్రిస్క్రిప్షన్లు 2003కల్లా 5.7 కోట్లకి పడిపోయాయి. ఆ భయం ఖండాలు దాటింది. మూడేళ్ళకి మా టౌన్‌లో ఆ డాక్టర్ గారి గదిలోకి కూడా వచ్చింది.

ఇప్పుడు ఆ 26 శాతం అంటే ఏంటో నిదానంగా చూద్దాం. ఇక్కడ స్కిప్ చెయ్యకండి ప్లీజ్, ఈ ఎపిసోడ్ మొత్తానికి ప్రాణం ఇదే.

పదివేల మంది ఆడవాళ్ళున్న ఒక ఊరు అనుకోండి. అందరూ ఆ పరీక్షలో ఉన్నవాళ్ళ వయసువాళ్ళే. ఎవరూ హార్మోన్ మాత్రలు వేసుకోకపోతే ఒక ఏడాదిలో 30 మందికి రొమ్ము క్యాన్సర్ వస్తుంది. అందరూ రెండు హార్మోన్ల మాత్ర వేసుకుంటే 38 మందికి వస్తుంది. 30 నుంచి 38కి పెరగడం అంటే 26 శాతం. లెక్క తప్పు కాదు. కానీ పదివేల మందిలో ఎక్కువ వచ్చింది 8 మందికి. అలాగే గుండెజబ్బు 7 మందికి ఎక్కువ, పక్షవాతం 8 మందికి ఎక్కువ, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం 8 మందికి ఎక్కువ. ఇంకోవైపు తుంటి ఎముక విరగడం 5 మందికి తక్కువ, పెద్దపేగు క్యాన్సర్ 6 మందికి తక్కువ. మొత్తం చావుల్లో తేడా లేదు.

ఆ 8 మంది లెక్కలోకి రారా అంటే, వస్తారు. ఆ 8 మందిలో మన పిన్ని ఉంటే మనకి అది నూటికి నూరు శాతమే. ఆరోగ్యంగా ఉన్న మనిషికి, ఏ బాధా లేకపోయినా, గుండె కోసమని ఇచ్చే మందుకి ఇది ఒప్పుకోలేని ముప్పు. ఆ మందు ఆపడం సరైన పనే. కానీ "వేసుకుంటే క్యాన్సర్ వస్తుంది" అనే వాక్యం, "పదివేల మందిలో ఏడాదికి 8 మందికి ఎక్కువ వస్తుంది" అనే వాక్యం, రెండూ ఒకటేనా?

ఇంకో పెద్ద విషయం. ఆ పరీక్షలో ఉన్నవాళ్ళ సగటు వయసు 63. మూడింట రెండొంతులు 60 దాటినవాళ్ళే. అంటే మెనోపాజ్ అయ్యి పదేళ్ళు దాటాక మాత్ర మొదలుపెట్టినవాళ్ళు చాలామంది. 2007లో అదే పరిశోధకులు వయసుల వారీగా లెక్క మళ్ళీ చూశారు. గుండె ముప్పు ముఖ్యంగా ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ళలో కనిపించింది. 2017లో, 18 ఏళ్ళ తర్వాతి లెక్కలో, మందు వాడినవాళ్ళకీ వాడనివాళ్ళకీ మొత్తం చావుల్లో తేడా కనబడలేదు.

మరి గర్భసంచి తీసేసినవాళ్ళ భాగం ఏమైంది? 2004లో దాన్నీ ఆపేశారు. పదివేల మందికి ఏడాదిలో 12 పక్షవాతాలు ఎక్కువ అని తేలింది. కానీ రొమ్ము క్యాన్సర్? పెరగలేదు. ఉత్తుత్తి మాత్ర వాళ్ళకంటే తక్కువగానే ఉంది. మా అమ్మ ఆపరేషన్ అయిన ఏడాదే ఈ ఫలితం అచ్చయింది. కానీ దీనికి పెద్ద హెడ్‌లైన్లు రాలేదు.

ఇప్పుడు రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఆ భయం పుట్టింది సగటున 63 ఏళ్ళున్న, గర్భసంచి ఉన్న, రెండు హార్మోన్లు వాడిన అమెరికా ఆడవాళ్ళ నుంచి. అది చెప్పింది 38 ఏళ్ళ, గర్భసంచీ అండాశయాలూ రెండూ లేని, ఈస్ట్రోజెన్ ఒక్కటే అవసరమైన మా అమ్మకి. చిన్న వయసులోనే అండాశయాలు పోయినవాళ్ళకి, వద్దనడానికి వేరే కారణం లేకపోతే, మామూలుగా మెనోపాజ్ వచ్చే వయసు దాకా హార్మోన్ ఇవ్వాలని ఇప్పటి వైద్య సంఘాలు చెప్తున్నాయి. కారణం, ఎముకలు, గుండె.

అయితే ఇది చూసి "ఓహో, హార్మోన్ మాత్రలు సేఫ్" అని ఇంకో కొసకి పరిగెత్తకండి. 2019లో లాన్సెట్ పత్రికలో ప్రపంచవ్యాప్త అధ్యయనాలన్నీ కలిపి ఒక లెక్క వచ్చింది. 50 ఏళ్ళకి మొదలుపెట్టి రెండు హార్మోన్లు రోజూ ఐదేళ్ళు వాడితే, 69 ఏళ్ళు వచ్చేలోపు ప్రతి 50 మంది వాడినవాళ్ళలో ఒకరికి అదనంగా రొమ్ము క్యాన్సర్ వస్తుంది. ఈస్ట్రోజెన్ ఒక్కటే అయితే 200 మందిలో ఒకరికి. ఈ చివరి అంకె 2004 ఫలితంతో సరిపడదు, దానిమీద వాదనలు ఇంకా ఉన్నాయి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు, పక్షవాతం, గుండెపోటు వచ్చినవాళ్ళు, రక్తం గడ్డలు కట్టినవాళ్ళు, లివర్ జబ్బు ఉన్నవాళ్ళు, కారణం తెలియకుండా రక్తస్రావం అవుతున్నవాళ్ళు మామూలుగా ఈ మాత్రల జోలికి వెళ్ళకూడదు.

2025 నవంబర్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, 2003 నుంచి ఈ మందుల మీద ఉన్న నల్ల గీతల డబ్బా హెచ్చరికల్లో చాలావరకు తీయిస్తున్నామని ప్రకటించింది. కొందరు డాక్టర్లు ఇన్నాళ్ళకి న్యాయం జరిగిందన్నారు. ఇంకొందరు మళ్ళీ 1966లోకి పోతున్నామేమో అని భయపడ్డారు. నాకు ఇద్దరి మాటా అర్థమవుతుంది. 1966లో "అందరూ వేసుకోండి" అన్నారు. 2002లో "ఎవరూ వేసుకోకండి" అన్నారు. రెండుసార్లూ ఎదురుగా కూర్చున్న మనిషిని "నీ వయసెంత, గర్భసంచి ఉందా, నీ బాధేంటి" అని అడగడం మర్చిపోయారు.

ఇది మన రాష్ట్రాలకి ఎందుకు ముఖ్యం? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దాదాపు 3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో దాదాపు 8. దేశంలో అన్నిటికంటే ఎక్కువ మన దగ్గరే. చాలామందికి నలభై కూడా నిండకముందే అయిపోతోంది. వాళ్ళలో ఎంతమందికి తమ అండాశయాలు ఉన్నాయో లేవో తెలుసు? మీ వీధిలో ఒక్కసారి అడిగి చూడండి.

మణికట్టు విరిగినప్పుడు డాక్టర్ గారిని అడిగాను, ఇప్పుడైనా అమ్మకి హార్మోన్ మొదలుపెట్టొచ్చా అని. "ఇప్పుడొద్దు, చాలా ఆలస్యం అయింది" అన్నారు. ఎముకలకి వేరే మందులు రాశారు, అవే వాడుతోంది. అప్పట్లో మాత్రలు వేసుకునుంటే చెయ్యి విరిగేది కాదు అని నేను అనను. అది ఎవరూ చెప్పలేరు. వేసుకోవాలో వద్దో అమ్మ తెలిసి నిర్ణయించుకునే అవకాశం పోయింది, నా బాధ దాని గురించే. ఇదంతా అమ్మకి కూర్చోబెట్టి చెప్పాను. మొత్తం విని, "పోన్లే, మీ అత్తకి చెప్పు. దానికి పోయినేడే ఆపరేషన్ అయింది" అంది.

అందుకే ఫోన్ చేతిలో ఉన్న మీ అందరికీ ఒక పని చెప్తున్నాను. ఇంట్లో అమ్మకో, అత్తకో, పిన్నికో గర్భసంచి ఆపరేషన్ అయ్యుంటే ఆ డిశ్చార్జ్ కాగితం వెతకండి, అండాశయాల గురించి ఏం రాశారో చదవండి, ఫొటో తీసి పెట్టుకోండి. డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ కాగితం పట్టుకెళ్ళి మూడు ప్రశ్నలు అడగండి. నా వయసుకి, నా ఒంటికి ముప్పు ఎంత? ఎంతమందిలో ఎంతమందికి? వేసుకోకపోతే ఏమవుతుంది? ఎవరో వీడియోలో చెప్పారని, నాతో సహా, సొంతంగా మాత్రలు మాత్రం మొదలుపెట్టకండి, ఆపకండి.

ఆ కాగితంలో మీకేం కనిపించిందో కామెంట్‌లో రాయండి, పేర్లు అక్కర్లేదు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా సెలవు.